పేరు లేని డబ్బాలో వచ్చిన రాడ్డు

ఎవరైనా నా బల్ల మీద కొత్త స్పేర్ పార్టు పెడితే ముందు దాన్ని చూడను, తెచ్చినవాళ్ళ ముఖం చూస్తాను. ఇది మంచి అలవాటు కాదని నాకు తెలుసు. కానీ పదిహేనేళ్ళుగా వరంగల్‌లో ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను, ఈ అలవాటు రాకుండా ఎలా ఉంటుంది? హోలోగ్రామ్ అతికించిన నకిలీ పిస్టన్లు చూశాను. పాత బేరింగులను డీజిల్లో కడిగి, నూనె రాసి, కొత్త కాగితంలో చుట్టి అమ్మినవి చూశాను. తొర్రూరు నుంచి ఒక రైతు పట్టుకొచ్చిన పిస్టను రింగుల సెట్టులో ఒకదాన్ని వేళ్ళతో కొంచెం వంచితే కట్టుతీగలా వంగి అట్లాగే ఉండిపోయింది. మంచి రింగు అట్లా వంగదని నేను చెబితే, ఆయన నన్నే ఎగాదిగా చూశాడు. అసలైనవి నేనే దాచేసి ఇవి చూపిస్తున్నానేమోనని ఆయన అనుమానం.

మాది కాజీపేట రోడ్డులో చిన్న బోరింగ్ షాపు. అరిగిపోయిన సిలిండర్లను కోసి సాఫు చేయడం, క్రాంకులు విప్పి కొత్త రాడ్లు ఎక్కించడం మా పని. రైల్వేలో ఫిట్టరుగా చేసి దిగిపోయాక మా బాపు పెట్టిన షాపు. తమ్ముడు నడుపుతాడని పెట్టాడు. తమ్ముడికి బండి నడపడం ఇష్టం, విప్పడం కాదు. నాకు విప్పడమే ఇష్టం. అట్లా షాపు నా చేతికి వచ్చింది. మొదటిసారి వచ్చేవాళ్ళు ఇప్పటికీ "మేస్త్రి లేడా?" అని అడుగుతారు. "నేనే" అంటే ఒకసారి షాపు లోపలికి తొంగి చూస్తారు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

పని నేర్పేటప్పుడు బాపు ఒకే మాట పదేపదే చెప్పేవాడు. "నమ్మకం చర్చిల పెట్టుకో. షాపుల కొల్తనే."

తమ్ముడు ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. సెలవు దొరికితే డ్రాగ్ రేసులకు పోతాడు. రోడ్ల మీద కాదు, రోడ్ల మీదైతే నేను ఇంజిన్ ముట్టుకోను. హైదరాబాద్ అవతల, విమానాలు దిగని ఒక పాత రన్‌వే మీద అనుమతి తీసుకుని పెడతారు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, లైటు పడగానే నాలుగు వందల మీటర్లు నేరుగా దూసుకుపోవాలి. పదిహేను సెకన్లు కూడా పట్టదు. ఆ కాసేపటి కోసం మేం నెలల తరబడి ఇంజిన్ తయారుచేస్తాం.

వాడు కొన్నది సెకండ్‌హ్యాండ్ బండి, ఒకటే సిలిండరు. కంపెనీవాళ్ళు ఆ ఇంజిన్‌ను ఎంత వేగంగా తిరగమని తయారుచేశారో అంతకంటే చాలా ఎక్కువ తిప్పాలి. అప్పుడు లోపలి భాగాలు మార్చక తప్పదు. పిస్టను, దాన్ని కింద తిరిగే క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్డు, పిస్టను పైన తెరుచుకుని మూసుకునే వాల్వులు, వాల్వులను మూసే స్ప్రింగులు. బయటి సామాను చెడిపోతే బండి ఆగిపోతుంది. లోపలిది విరిగితే ఇంజిన్ బిగుసుకుని, పోతున్న వేగంలోనే వెనక చక్రం ఆగిపోతుంది. అప్పుడు పడేది నా తమ్ముడు.

విదేశీ సామాను మొత్తం కొనే తాహతు మాకు లేదు. అందుకని ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు అని ఇద్దరం కూర్చుని తెగ వాదించుకున్నాం. పిస్టను తమిళనాడు నుంచి తెప్పించాం. పోతపోసినది కాదు, ఇనుపముద్దను కొట్టినట్టు అల్యూమినియాన్ని అచ్చులో కొట్టి చేసినది. వాల్వులకు కంపెనీవే చాలనుకున్నాం. ఇక రాడ్డు. కంపెనీ రాడ్డు మేం తిప్పే వేగానికి ఆగదు. విదేశీది అందనంత ధర. అట్లాంటి సమయంలో కొత్తవాడ కాక గుర్తొచ్చాడు.

ఆయన స్పేర్ పార్టుల వ్యాపారి. ఇంట్లో అందరూ జంపఖానాలు నేసేవాళ్ళు, ఈయన ఒక్కడే మగ్గం దిగి ఈ దుకాణం పెట్టాడు. బాపు కాలం నుంచి మాకు సామాను ఇస్తున్నాడు. నన్ను బిడ్డా అంటాడు, నేను కాకా అంటాను. అయినా ఆయన దగ్గర కొన్న ప్రతి వస్తువునూ కొలవకుండా వాడింది లేదు.

రాడ్డు సంగతి చెప్పగానే లోపలికి పోయి, ఒక మట్టిరంగు అట్టడబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. దాని మీద ఒక్క అక్షరం లేదు.

"ఎక్కడిది కాకా ఇది?"

"ఎక్కడిదైతేంది బిడ్డా? మాల్ జూడు."

"డబ్బా మీద పేరెందుకు లేదు?"

"నీకు పేరు కావాల్నా, రాడ్డు కావాల్నా? పేరుంటే ధర డబల్ అయితది. బయటి దేశం బండ్లకు చేసే ఫ్యాక్టరీల మిగిలిన మాల్ ఇది. పేరు కొట్టకుంట అమ్ముకుంటరు. రెండే వచ్చినయ్ నాకు."

'ఎక్స్‌పోర్టులో మిగిలిన మాల్' అనే కథ నేను బట్టల దుకాణాల్లో చాలాసార్లు విన్నాను. అదే కథ రాడ్డుకు కూడా తొడిగాడని అనిపించింది. అయినా ధర చూసి ఒకటి తెచ్చుకున్నాను.

దాన్ని నేను పెట్టిన కష్టాలు అన్నీఇన్నీ కావు. కంసాలి తక్కెడలో తూయించాను. రెండు చివర్ల రంధ్రాలను పొద్దున ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి కొలిచాను. దారం కట్టి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి విన్నాను. లోపల పగులుంటే మోగదు, దీనికి గంటలా చాలాసేపు మోత సాగింది. రాడ్డును క్రాంకుకు కలపడానికి దానితో పాటే వచ్చిన పిన్ను మీద ఆకురాయి పెట్టి గీస్తే జారిపోయిందే గానీ గీత పడలేదు. ఏ లోపమూ దొరకలేదు. లోపం దొరకకపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. అంత తక్కువ ధరకు ఇంత మంచి సరుకు ఎందుకిస్తాడు?

తమ్ముడు పక్కన నిలబడి నవ్వాడు. "అక్కా, నువ్వు బావను సుత గింత పరీక్ష జేసి చేస్కోలె."

రాడ్డు ఎక్కించాం. క్రాంకును ప్రెస్సులో బిగించి, డయల్ పెట్టి, వంకర లేకుండా బాపూ నేనూ కలిసి సరిచేశాం. ఇక మిగిలింది వాల్వు స్ప్రింగులు. వేగంగా తిరిగే ఇంజిన్‌కు గట్టి స్ప్రింగులు కావాలి. కొనడానికి ఇంకో నెల ఆగాల్సి వస్తుందని తమ్ముడు దిగులు పడుతుంటే, బాపు లోపలి గదిలో నుంచి బిస్కెట్ డబ్బా తెచ్చాడు. అందులో ఆయన ఏళ్ళుగా దాచుకున్న సామాను ఉంటుంది.

"ఇగో. పెద్ద బండికి వచ్చే స్ప్రింగులు. గట్టియి. ఇదే హెడ్డుకు కూసుంటయ్" అన్నాడు.

కంపెనీ ప్యాకెట్టే. దాని మీద బాపు చేతిరాత. తీసుకుని హెడ్డులో, వాల్వులుండే ఆ పై మూతలో, వేశాను.

కొత్త ఇంజిన్‌ను వారం పాటు పొద్దున్నే ధర్మసాగర్ దాకా మెల్లగా నడిపించి తెచ్చాం. చప్పుడు బాగుంది. అయినా నేను ఆ చప్పుడులో రాడ్డు కోసమే వెతికేదాన్ని. కింద ఏదైనా టక్కుమంటుందా అని.

రేసు రోజు మొదటి పరుగు బాగానే పోయింది. రెండోది ఇంకా బాగా పోయింది. మూడో పరుగులో, దూరం సగం దాటాక, ఇనుప రేకు మీద రాయి విసిరినట్టు ఒక చప్పుడు. వెంటనే పొగ. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అటూ ఇటూ పాములా ఊగింది. తమ్ముడు క్లచ్ పట్టేశాడు. బండి జారుతూ జారుతూ గడ్డిలోకి పోయి ఆగింది. పడలేదు. నేను అంత దూరం పరుగెత్తుకుపోయేసరికి వాడు హెల్మెట్ తీసి నిలబడి ఉన్నాడు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఇంజిన్ కింది భాగంలో అరచేయంత రంధ్రం. అందులో నుంచి విరిగిన రాడ్డు ముక్క బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని చూడగానే నాకు కొత్తవాడ దుకాణం, ఆ పేరు లేని డబ్బా కళ్ళ ముందు కనిపించాయి.

ముందు తమ్ముణ్ణే అడిగాను. "ఎంత దాక తిప్పినవ్? గేరు తప్పిందా?"

"లేదక్కా. మీటరు మీది లైటు వెల్గంగనే గేరేసిన. ప్రభువు తోడు."

నేను వంగి గేరు లివర్ నొక్కి చూశాను. నమ్మలేదని వాడికి అర్థమైంది.

మరునాడు ఇంజిన్ విప్పాను. రాడ్డు రెండు ముక్కలు. పిస్టను నెత్తిన రంధ్రం. ఒక వాల్వు తల ఊడి, ఆ ముక్క పిస్టనులో దిగబడి ఉంది. రాడ్డు విరిగితే పిస్టను పట్టు తప్పి పైకెగిరి వాల్వులను గుద్దుతుంది. అట్లాగే జరిగిందని ఒక్క నిమిషంలో తీర్మానించేసుకున్నాను. నాకు కావలసిన తీర్మానం అది. ముక్కలన్నీ బట్టసంచిలో వేసుకుని నేరుగా కొత్తవాడకు పోయాను.

దుకాణంలో నలుగురైదుగురు గిరాకీలు ఉన్నారు. అందరి ముందూ సంచి కౌంటర్ మీద బోర్లించాను.

"ఇదేనా కాకా నీ ఎక్స్‌పోర్టు మాల్? నా తమ్ముడు చచ్చేటోడు. నకిలీ మాల్ అమ్మి మా ప్రాణం మీదికి తెస్తవా?"

ఆయన ముక్కల వైపు చూడలేదు. "పిలగానికి ఏం గాలే గదా?" అన్నాడు.

"ఏం గాలే. అయితే ఏంది? నీ రాడ్డు ఇరిగింది. ఇన్నేండ్ల సంది నిన్ను నమ్మి కొంటానం."

ఆ చివరి మాట అబద్ధం. నేను ఆయన్ను ఏనాడూ నమ్మలేదు. కానీ ఆ క్షణం గొంతులో అదే వచ్చింది. ఇద్దరు గిరాకీలు చేతిలో సామాను కౌంటర్ మీద పెట్టేసి వెళ్ళిపోయారు. కాక వాళ్ళ వెంట చూశాడు. లోపలికి పోయి రెండో డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టాడు.

"ఇది దాని జోడీ. ఒక్కతాన వచ్చినయ్ రెండు. తీస్కపో. కోసి జూడు, ఇరగ్గొట్టి జూడు. నాకు వాపస్ ఇయ్యకు."

కోసి చూడమని అంత ధైర్యంగా ఇచ్చాడంటే, ఇది మాత్రం మంచిదై ఉంటుంది, నాకు ఇచ్చినది చెడ్డదై ఉంటుంది అనుకున్నాను. మనిషి అనుమానించడం మొదలుపెడితే ఎదుటివాడు ఏం చేసినా తప్పుగానే కనిపిస్తుంది.

అయినా కోశాను. కోత రాయి సగం అరిగిపోయింది గానీ రాడ్డు సులభంగా తెగలేదు. తెగిన ముఖంలో ఎక్కడా బుడగ లేదు, గరుకు లేదు. మిగిలిన సగాన్ని వైస్‌లో బిగించి, పొడుగు పైపు తొడిగి వంచబోతే బల్ల జరిగింది, రాడ్డు వంగలేదు. విరిగిన రాడ్డునూ దాని పక్కన పెట్టి చూశాను. అదే లోహం, అదే నునుపు. దాని కింది పిన్ను కూడా వేడికి నీలం తిరగలేదు, నూనె అందక కాలిన గుర్తు లేదు. అది విరగడానికి ముందు వంగింది. అంటే పైనుంచి ఏదో అడ్డుపడింది.

అప్పుడు పిస్టనును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. నెత్తిన, రంధ్రానికి కొంచెం పక్కగా, గోటితో నొక్కినట్టు సన్నని నెలవంక గుర్తు ఉంది. వాల్వు అంచు తగిలిన గుర్తు. దాని మీద నల్లటి మసి పేరుకుని ఉంది. మసి పట్టాలంటే ఆ గుర్తు పడ్డాక కూడా ఇంజిన్ నడిచి ఉండాలి. అంటే మొదటి పరుగులోనో రెండో పరుగులోనో, రాడ్డు నిక్షేపంగా ఉన్నప్పుడే, వాల్వు సమయానికి మూసుకోక పిస్టనుకు తగులుతూ వచ్చింది. మూడో పరుగులో దాని తల తెగి లోపల పడింది. దాన్ని నలిపి నలిపి రాడ్డు వంగి విరిగింది.

వాల్వును సమయానికి మూయాల్సింది స్ప్రింగు.

స్ప్రింగులు తీసి వెర్నియర్‌తో కొలిచాను. ఉండాల్సిన పొడుగు కంటే ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తెచ్చి, డ్రిల్లింగ్ మిషన్ కింద పెట్టి నొక్కి చూశాను. ఇవ్వాల్సిన బలంలో చాలా తక్కువ ఇచ్చాయి. రాడ్డును కంసాలి దగ్గరికి మోసుకుపోయినదాన్ని, వీటిని ఒక్కసారి కూడా కొలవలేదు.

బాపు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. స్ప్రింగులు ఆయన చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమాడు. చివరి చుట్టు దగ్గర ఆగాడు.

"ఇవి వాడినయి. చివర్లు అరిగి మెరుస్తానయ్ సూడు" అన్నాడు. "ఎక్కడియి?"

"నువ్విచ్చినయే బాపు."

ఆయన చాలాసేపు గుర్తు చేసుకున్నాడు. ఎప్పుడో ఒక ఇంజిన్‌కు కొత్త స్ప్రింగులు వేసి, పాతవాటిని ఆ కొత్త ప్యాకెట్‌లోనే పెట్టి దాచినట్టున్నాడు. పారేయడం ఆయనకు చేతకాదు.

"నేనే పెట్టిన గావచ్చు" అన్నాడు. తర్వాత తలెత్తాడు. "నువ్వు కొల్వలేదా?"

"నువ్విచ్చినవ్ గదా."

"నేనిస్తె? నేనేమన్న కంపెనోణ్ణా?" ఆయన స్ప్రింగులను నేల మీద పడేశాడు. నా మీద కోపమో, తన మీద కోపమో తెలియలేదు. "వాడు పడి ఉంటే ఏం జేసేటోళ్ళం?"

ఆ పూట ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. తమ్ముడికి చెబితే నవ్వేశాడు. కానీ వారం దాకా నాతో పొడిపొడిగానే మాట్లాడాడు. ఒకరోజు బండి తాళాలు తీసుకుంటూ అన్నాడు. "ఇంజిన్ పోతే పోయింది అక్కా. ప్రభువు తోడన్నా నమ్మలేదు సూడు, అది బాధయింది."

కొత్తవాడకు పోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు పోతే సులభం. కానీ అన్నది నలుగురి ముందు. గిరాకీలు వచ్చేదాకా ఎదురుగా టీ బండి దగ్గర నిలబడి, ముగ్గురు లోపలికి పోయాక పోయాను.

"కాకా, ఆ రోజు నేనన్నది తప్పు. రాడ్డు మంచిదే. ఇరిగింది మా స్ప్రింగుల వల్ల. మా ఇంట్ల సామానే. నిన్ను అట్ల అనకుండా ఉండాల్సింది."

ఆయన తలూపి, గిరాకీకి బోల్టులు ఇచ్చే పని పూర్తిచేశాడు. అందరూ వెళ్ళాక నన్ను కూర్చోమన్నాడు. మాఫీ చేశానంటాడనుకున్నాను. ఆయన వంగి, కౌంటర్ కింది అర నుంచి నాలుగు డబ్బాలు తీశాడు. రంగురంగుల డబ్బాలు. పేర్లు, హోలోగ్రామ్‌లు అన్నీ ఉన్నాయి.

"నువ్వన్నది మొత్తం అబద్ధం గాదు బిడ్డా. ఇవి నకిలీయే. ఇయ్యి అమ్ముత నేను. వచ్చేటోళ్ళు ధర అడుగుతరు గానీ మాల్ అడుగరు. నీకు మాత్రం ఏనాడు ఇయ్యలే."

"ఎందుకియ్యలే?"

"నువ్వు కొలుస్తవ్ గదా."

"కొల్వకపోతే?"

ఆయన డబ్బాల మీద దుమ్ము తుడిచాడు.

నా తప్పు ఒప్పుకోవడానికి వచ్చి, తన తప్పు ఒప్పుకోవాల్సినవాడి ఎదురుగా కూర్చున్నట్టయింది. ఎన్ని బండ్లు ఆ డబ్బాల వల్ల నా షాపుకు వచ్చి ఉంటాయో! అయినా ఆయన ఈ మాట నాతో చెప్పక్కర్లేదు. నేను తల దించుకుని వచ్చినందుకు చెప్పాడా, లేక నేను మళ్ళీ ఎప్పుడైనా పట్టుకుంటానని ముందే చెప్పాడా? ఆ రోజూ తెలియలేదు, ఇవాళా తెలియదు.

"ఇగ నుంచి నా షాపుకొచ్చిన నకిలీ మాల్ నీ దగ్గర కొన్నదైతే, ఎక్కడ కొన్నరో అందరికీ చెప్త కాకా" అన్నాను లేస్తూ.

"చెప్పు" అన్నాడు.

తర్వాతిసారి పోయినప్పుడు ఆ కింది అరలో బ్యాటరీలు ఉన్నాయి. నకిలీ డబ్బాలు పారేశాడో, వెనక గదిలోకి మార్చాడో నేను అడగలేదు. అడిగినా ఏం చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. రాడ్డు మాత్రం అక్కడే కొన్నాను, ఆయన మళ్ళీ తెప్పించి పెట్టాడు. స్ప్రింగులు తయారుచేసేవాళ్ళకే నేరుగా ఫోన్ చేసి తెప్పించాను. నెలన్నర పట్టింది. తమ్ముడు ఈసారి తొందర పెట్టలేదు. స్ప్రింగులు రాగానే ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఎంత బలం ఇస్తుందో గోడ మీద సుద్దతో రాశాను. బాపు పక్కన కుర్చీ వేసుకుని అంకెలు పైకి చదివాడు.

పగిలిన ఇంజిన్ కింది భాగాన్ని వెల్డింగ్ చేయించి, కొత్త పిస్టనూ వాల్వులూ వేసి మళ్ళీ బిగించాం. వర్షాలు తగ్గాక జరిగిన రేసులో తమ్ముడు మొదటి రౌండు గెలిచి రెండో రౌండులో ఓడాడు. అవతలివాడి బండి వీడి కంటే సగం బండి దూరం ముందు పోయింది. ఇంజిన్‌కు ఏమీ కాలేదు. రెండు పరుగులూ నేను గీత దగ్గర నిలబడి విన్నాను.

ఇంటికి వచ్చిన మరునాడు హెడ్డు విప్పడం మొదలుపెడితే తమ్ముడు ల్యాబుకు పోబోతూ ఆగాడు.

"మంచిగనే ఉంది గదా అక్కా, మల్ల ఎందుకు ఇప్పుతానవ్?"

"జర ఆ టార్చి పట్టు" అన్నాను.

పిస్టను నెత్తిన మసి సమంగా పరుచుకుని ఉంది. వాల్వు తగిలిన గుర్తు ఎక్కడా లేదు. ఇద్దరం తలలు దగ్గర పెట్టి, ఒకరి తర్వాత ఒకరం రెండుసార్లు చూశాం. తర్వాత వాడు చేతులు కడుక్కుని పనికి పోయాడు.